పజిల్ రేటింగ్ 2100, గేమ్ రేటింగ్ 1200: రెండూ ఒక్క మనిషివేనా?

ఫోన్‌లో చెస్ ఆడేవాళ్లని కదిలిస్తే దాదాపు అందరూ చెప్పే ఫిర్యాదు ఇదే. పజిల్స్‌లో 2100 అంటోంది యాప్, పది నిమిషాల గేమ్‌కి కూర్చుంటే మాత్రం 1200 దగ్గర ఎక్కుతూ దిగుతూ ఉంటున్నాను, ఇందులో నా అసలు లెవెల్ ఏది? కొందరు పెద్ద నంబరు చూసుకుని మురిసిపోతారు. ఇంకొందరు గేమ్‌లో ఓడిపోయిన చిరాకులో, పజిల్స్ వల్ల ఒరిగేదేమీ లేదని తేల్చేసి మానేస్తారు.

యాప్ అబద్ధం చెప్పడం లేదు. రెండు నంబర్లూ నిజమే, కానీ ఒక్కోటి ఒక్కోదాన్ని కొలుస్తోంది. పజిల్ మన ముందుకు వచ్చేటప్పుడే మనకి బోలెడంత సమాచారం చెప్పేస్తుంది, గేమ్ ఏమీ చెప్పదు. గందరగోళంలో చాలా భాగం ఇక్కడే పుడుతుంది.

ట్యాక్టిక్ అంటే ఏమిటి, పజిల్ అంటే ఏమిటి

రెండు మూడు ఎత్తుల్లో, ఎదుటివాడికి తప్పించుకునే దారి లేకుండా, పావునో ఆటనో గెలిపించే వరసని ట్యాక్టిక్ అంటారు. ఈ గుర్రాన్ని మంచి గడిలోకి చేర్చాలి, ఆ బంటుని మెల్లగా ముందుకు తోయాలి లాంటి దూరాలోచన వేరే సంగతి, దాన్ని స్ట్రాటజీ అంటారు.

చిన్న ఉదాహరణ చూద్దాం. (గడి పేరులో అక్షరం నిలువు వరసని, అంకె అడ్డ వరసని చెబుతుంది.) తెల్ల గుర్రం డి5లో ఉంది, నల్ల రాజు జి8లో, నల్ల క్వీన్ సి6లో, ఎత్తు తెల్లది. గుర్రం ఇ7కి దూకితే రాజుకి చెక్. అక్కడినుంచే అది సి6లో ఉన్న క్వీన్‌ని కూడా కొడుతోంది. చెక్ కాబట్టి రాజు కదలక తప్పదు, వెంటనే క్వీన్ పోతుంది. దీన్ని ఫోర్క్ అంటారు. పావు కదిలితే వెనకున్న విలువైనది పోయేలా కట్టిపడేస్తే పిన్. కాపలా పావుని పక్కకి లాగేస్తే డిఫ్లెక్షన్. ఇలాంటి పేర్లు ఇంకో పాతిక ఉంటాయి గానీ ఈ వ్యాసానికి ఈ మూడు చాలు.

ఇలాంటి పొజిషన్ తీసుకొచ్చి గెలిచే ఎత్తు కనిపెట్టమంటే అది పజిల్. ఇదేమీ కొత్త అలవాటు కాదు. అరబ్ ఆటగాళ్లు 9వ శతాబ్దంలోనే మన్సూబాలు అనే పేరుతో ఇలాంటివి తయారుచేసి దాచుకున్నారు, 1497లో స్పెయిన్‌లో లుసేనా అచ్చువేయించిన పుస్తకంలోనూ చెస్ సమస్యలు ఉన్నాయి. అవన్నీ మనిషి కూర్చుని అల్లినవి. ఇప్పుడు మన ఫోన్లలో వచ్చేవి అలాంటివి కావు.

యాప్‌లో పజిల్స్ ఎలా తయారవుతాయి

లీచెస్ అనే ఆన్‌లైన్ చెస్ సైట్‌నే తీసుకుందాం, ఎందుకంటే వాళ్లు తమ పజిల్స్ మొత్తం ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకునేలా బయటపెట్టారు. వాళ్ల సైట్‌లో జనం ఆడిన కోట్లాది గేమ్‌లని స్టాక్‌ఫిష్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ జల్లెడ పడుతుంది. ఎవరో ఒకరు తప్పు ఎత్తు వేశారు, దానికి బదులుగా ఒకే ఒక్క ఎత్తు గెలిపిస్తుంది, రెండో మంచి ఎత్తు దాని దరిదాపుల్లో కూడా లేదు. ఇలాంటి చోటు దొరికితే పజిల్ తయారైనట్టే. పజిల్ తెరవగానే ఎదుటివాడి పావు ఒకటి కదలడం చూసే ఉంటారు, ఆ కదిలిందే తప్పు ఎత్తు.

సమాధానం ఒకటే ఉండాలన్న నియమం అనుకున్నదానికంటే ముఖ్యం. మామూలు గేమ్‌లో చాలా పొజిషన్లకి మూడు నాలుగు పర్లేదనిపించే ఎత్తులు ఉంటాయి, వాటిలో ఏది వేసినా కొంప మునగదు. అలాంటివేవీ పజిల్ పెట్టెలోకి రావు. అంటే మనం రోజూ సాధన చేస్తున్న పొజిషన్లు చెస్‌లో మామూలుగా వచ్చేవి కావు, ఏరి తెచ్చిన ప్రత్యేక సందర్భాలు.

పజిల్ అడక్కుండానే చెప్పేసే విషయాలు

పజిల్ తెరిచిన క్షణంలోనే మనకి తెలిసిపోయేవి ఏంటంటే, ఇక్కడ ఏదో ఉంది, అది మనకి అనుకూలంగా ఉంది, ఇప్పుడే వెయ్యాలి, ఎదుటివాడు ఇప్పుడే తప్పు చేశాడు. పైగా పజిల్ ఇంకా నడుస్తోందంటే మనం వేసిన మొదటి ఎత్తు కరెక్టేనని కూడా తెలిసిపోతుంది. గేమ్‌లో వీటిలో ఒక్కటీ ఎవరూ చెప్పరు.

దీని విలువ ఎంతో తెలియాలంటే ఒక బోర్డు పెట్టుకుని ఈ పొజిషన్ వెయ్యండి. తెల్ల రాజు జి1లో, దాని ముందు బంట్లు ఎఫ్2, జి2, హెచ్2లో. తెల్ల క్వీన్ ఇ3లో, దాని వెనక ఏనుగు ఇ1లో. నల్ల రాజు జి8లో, బంట్లు ఎఫ్7, జి7, హెచ్7లో. నల్ల ఏనుగులు రెండు, ఒకటి డి8లో, ఒకటి ఇ8లో, నల్ల క్వీన్ బి2లో. ఎత్తు తెల్లది.

పావులు లెక్కపెడితే తెల్లవైపు ఒక ఏనుగు తక్కువ. పజిల్ అని తెలిసినవాడికి ఇదే పెద్ద సూచన, నష్టంలో ఉన్నాడంటే మామూలు ఎత్తు సరిపోదు, ఏదో గట్టిది ఉండి తీరాలి. వెంటనే చెక్‌ల కోసం వెతుకుతాడు. క్వీన్ ఇ8లోని ఏనుగుని తినేస్తుంది, చెక్. డి8 ఏనుగు ఆ క్వీన్‌ని తినక తప్పదు. అప్పుడు ఇ1 ఏనుగు ఇ8కి వెళ్లి దాన్ని తింటే మేట్, అంటే ఆట ముగిసినట్టే, ఎందుకంటే నల్ల రాజు తన బంట్ల వెనకే ఇరుక్కుపోయాడు. ఇది బ్యాక్ ర్యాంక్ మేట్, పజిల్స్ అలవాటున్నవాళ్లు రెండు మూడు సెకన్లలో వేసేస్తారు.

ఇప్పుడు ఒకే ఒక్క మార్పు. నల్ల బంటు హెచ్7లో కాకుండా హెచ్6లో పెట్టండి. మిగతా అంతా అదే. ఇప్పుడు అదే వరస వేస్తే చివర్లో రాజు హెచ్7లోకి జారుకుంటాడు, నల్ల క్వీన్ బతికే ఉంటుంది, మన చేతిలో ఒక్క ఏనుగు మిగులుతుంది. ఇంకో పది ఎత్తుల్లో గేమ్ అయిపోతుంది, మనం ఓడి.

మొదటి బోర్డు పజిల్‌గా వస్తుంది. రెండోది పజిల్‌గా రాదు, ఎందుకంటే అందులో గెలిచే ఎత్తు లేదు. గేమ్‌లో మాత్రం రెండూ వస్తాయి, పైకి ఒకేలా కనిపిస్తూ వస్తాయి. పజిల్స్ బాగా చేసినవాళ్లు గేమ్‌లో ఉత్తపుణ్యానికి క్వీన్‌ని బలిచ్చి బిక్కమొహం వెయ్యడం వెనక కథ ఇదే. పరుగెత్తి బలివ్వడం అలవాటైంది, ఇక్కడ వద్దు అని ఆగడం అలవాటు కాలేదు.

కొన్ని యాప్‌లలో పజిల్స్‌ని ఫోర్క్, పిన్ అని విషయం వారీగా కూడా చెయ్యొచ్చు. అదైతే లెక్కల పరీక్షలో ప్రశ్న పక్కనే ఏ సూత్రం వాడాలో రాసిచ్చినట్టు ఉంటుంది. నేర్చుకునేటప్పుడు మంచిదే, కానీ కలగలిపిన పజిల్స్‌లో అంత సులువుగా రాలేదని తర్వాత కంగారుపడేవాళ్లు ఉంటారు.

ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఒక రెండెత్తుల పజిల్

2024 డిసెంబర్ 12, సింగపూర్. ప్రపంచ చాంపియన్‌షిప్ 14వ గేమ్, అదే చివరిది. స్కోరు 6.5–6.5. తెల్లపావులతో డింగ్ లిరెన్, నల్లపావులతో గుకేశ్. గుకేశ్ చెన్నైలోని తెలుగు కుటుంబం కుర్రాడు కాబట్టి ఆ సాయంత్రం మన ఇళ్లలో చెస్ తెలియనివాళ్లు కూడా ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. అతనికి సాయం చేసిన బృందంలో గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ కూడా ఉన్నాడు.

బోర్డు మీద ఇద్దరికీ చెరో ఏనుగు, చెరో బిషప్. గుకేశ్‌కి రెండు బంట్లు, డింగ్‌కి ఒకటి. జాగ్రత్తగా ఆడితే డ్రా అయ్యే ఎండ్‌గేమ్, అంటే కొద్ది పావులే మిగిలిన చివరి దశ. 55వ ఎత్తులో డింగ్ తన ఏనుగుని ఎఫ్2కి తెచ్చి, ఏనుగులు మార్చుకుందాం రా అన్నాడు. అప్పటికి అతని బిషప్ ఎ8లో, అంటే బోర్డు మూలన ఉంది. గుకేశ్ ఏనుగులు మార్చేసి బిషప్‌ని డి5లో పెట్టాడు. మూలనున్న బిషప్‌కి కదలడానికి ఐమూలగా ఒకే ఒక్క దారి ఉంటుంది, ఆ దారికి ఎదురుగా నల్ల బిషప్, దానికి పక్కనే రాజు కాపలా. బిషప్‌లు కూడా మార్చుకోక తప్పలేదు. మిగిలింది రాజులు, రెండు బంట్లకి ఒక బంటు. 58వ ఎత్తు అయ్యాక డింగ్ ఓటమి ఒప్పుకుని చెయ్యి కలిపాడు, 18 ఏళ్ల గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు.

ఈ పొజిషన్‌నే పజిల్‌గా ఇచ్చి నల్లది గెలవాలి అంటే, ఓ మోస్తరు క్లబ్ ఆటగాడు కూడా కాసేపు తంటాలు పడి పట్టుకుంటాడు. మరి అప్పటి ప్రపంచ చాంపియన్‌కి ఎందుకు కనపడలేదు? గంటలకొద్దీ ఆడి అలసిపోయి ఉన్నాడు, గడియారంలో టైమ్ తక్కువగా ఉంది, డ్రా చేసుకుందామనే ధ్యాసలో ఉన్నాడు. అన్నింటికంటే పెద్ద కారణం, ఆ క్షణంలో ఇక్కడ ఏదో ఉంది చూడు అని భుజం తట్టేవాళ్లు ఎవరూ లేరు. గుకేశ్ కూడా ఏనుగు ఎఫ్2కి వచ్చిన వెంటనే తనకి తట్టలేదనీ, ఇంకో ఎత్తు వెయ్యబోయి ఆగాననీ తర్వాత చెప్పాడు. అక్కడ ఆగడమే అతన్ని గెలిపించింది. పజిల్ నేర్పలేనిది కూడా ఆ ఆగడమే.

నంబరు ఎలా పుడుతుంది

రేటింగ్ పద్ధతులన్నిటికీ మూలం అర్పాద్ ఎలో అనే హంగేరియన్-అమెరికన్ ప్రొఫెసర్ లెక్క, ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే దాన్ని 1970లో తీసుకుంది. సారాంశం చెప్పాలంటే, ఇద్దరి రేటింగ్‌ల తేడాని బట్టి ఎవరికి ఎంత స్కోరు రావచ్చో ముందే అంచనా వేస్తారు. తేడా 200 ఉంటే పెద్ద రేటింగ్ వాడికి వంద గేమ్‌లకి సుమారు 76 పాయింట్లు, 400 ఉంటే సుమారు 91. అంచనాకి మించి చేస్తే రేటింగ్ పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. లీచెస్ వాడేది దీనికి తర్వాతి రూపం, మార్క్ గ్లిక్‌మన్ అనే గణాంకశాస్త్రవేత్త తయారుచేసిన గ్లికో-2.

పజిల్స్‌లో ఎదుటి ఆటగాడు పజిలే. మీరు 1500, పజిల్ 1700 అనుకుందాం. మీరు చేస్తే మీకు పెరుగుతుంది, దానికి తగ్గుతుంది. తప్పితే దానికి పెరుగుతుంది. అంటే పజిల్ రేటింగ్ చెప్పేది, పజిల్స్ అనే ఆ గుంపులో మీ స్థానం ఎక్కడ అనే. మనుషుల గుంపులో మీ స్థానం గురించి అది ఏమీ చెప్పదు. పజిల్ మీ గుర్రాన్ని దొంగచాటుగా కొట్టదు, ఓపెనింగ్‌లో మిమ్మల్ని ఇబ్బంది పెట్టదు. 2100 పజిల్‌ని చేశారంటే 2100 మనిషిని ఓడించినట్టు కానే కాదు.

మనుషుల గుంపుల మధ్య కూడా నంబర్లు పోల్చలేం. ఫిడేనే చూడండి. 2024 మార్చి 1న కనీస రేటింగ్‌ని 1000 నుంచి 1400కి పెంచి, 2000 కంటే తక్కువున్న అందరికీ ఒక సూత్రం ప్రకారం పాయింట్లు కలిపింది: 2000కి ఎంత తక్కువ ఉన్నారో అందులో 40 శాతం. 1500 ఉన్నవాడికి 500 తేడాలో 40 శాతం, అంటే 200 కలిసి పొద్దున లేచేసరికి 1700 అయ్యాడు. ఒక్క ఎత్తు కూడా కొత్తగా నేర్చుకోకుండానే.

ఇంకో పక్క నుంచి చూస్తే, వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబర్ ఫిడే లిస్టులో 2800 దాటాడు, విశ్వనాథన్ ఆనంద్ తర్వాత ఆ గీత దాటిన రెండో భారతీయుడు అతనే. పజిల్ రేటింగ్ 2800 దాటిన మామూలు ఆటగాళ్లు మాత్రం ఆన్‌లైన్‌లో ఎంతోమంది కనిపిస్తారు. వాళ్లని వెక్కిరించడం లేదు, కొలబద్ద వేరని చెప్పడానికే.

గడియారం సంగతి

మామూలు పజిల్ మోడ్‌లో టైమ్ లెక్కలేదు. ఐదు నిమిషాలు తలపట్టుకుని కూర్చోవచ్చు. పది నిమిషాల గేమ్ అంటే మొత్తం 600 సెకన్లు, గేమ్ 40 ఎత్తులు సాగితే ఎత్తుకి సగటున 15 సెకన్లు. ఆ 15 సెకన్లలోనే ఎదుటివాడు ఏం బెదిరిస్తున్నాడో చూడాలి, నా పావు ఏదైనా ఊరికే పోతోందా చూడాలి, ట్యాక్టిక్ ఉందో లేదో తేల్చాలి, ఉంటే లెక్కపెట్టాలి. ఐదు నిమిషాల్లో 2100 పజిల్ విప్పగల మనిషి 15 సెకన్లలో ఏ స్థాయి పజిల్ విప్పగలడో అదే అతని గేమ్‌కి దగ్గరగా ఉంటుంది.

పైగా గేమ్‌లో ట్యాక్టిక్‌లు సగం మన మీద పడేవి. పజిల్స్‌లో దాదాపు ఎప్పుడూ కొట్టేది మనమే. 1200 స్థాయిలో గేమ్‌లు ఎలా పోతాయో చూస్తే, గొప్ప కాంబినేషన్లు కనపడక ఓడేవి తక్కువ, కాపలాలేని పావుని ఎదుటివాడి నోటికి అందించి ఓడేవే ఎక్కువ. దానికి పజిల్స్ నేరుగా చేసే సాయం కొంచెమే.

మెదడులో ఏం పోగవుతుంది

ఇంత చెప్పాక పజిల్స్ దండగ అనిపించొచ్చు. అది కూడా నిజం కాదు. డచ్ మనస్తత్వవేత్త అడ్రియన్ డి గ్రూట్ 1946లో అచ్చయిన తన పరిశోధన కోసం గొప్ప ఆటగాళ్లని కూర్చోబెట్టి, ఆలోచిస్తూ పైకి చెప్పమన్నాడు. అందరూ ఊహించినట్టు వాళ్లు పదిహేను ఎత్తులు ముందుకేమీ చూడటం లేదు, మామూలు మంచి ఆటగాళ్లు చూసినంత లోతే దాదాపుగా. తేడా ఎక్కడంటే, చూడాల్సిన ఎత్తు వాళ్ల కళ్లకి ముందే ఆనుతోంది.

1973లో విలియం ఛేజ్, హెర్బర్ట్ సైమన్ దీన్ని ఇంకాస్త బిగించారు. నిజమైన గేమ్ పొజిషన్‌ని ఐదు సెకన్లు చూపించి మళ్లీ పేర్చమంటే మాస్టర్ చాలా మేరకు పేర్చేశాడు, కొత్తవాడు నాలుగైదు పావులకే ఆగిపోయాడు. అవే పావుల్ని అడ్డదిడ్డంగా చల్లి చూపిస్తే మాస్టర్ ఆధిక్యం దాదాపు మాయం. (తర్వాతి ప్రయోగాల్లో అప్పుడు కూడా కొద్దిపాటి ఆధిక్యం మిగులుతుందని తేలింది.) అంటే మాస్టర్ చూసేది విడివిడి పావుల్ని కాదు, జి8 రాజు, దాని ముందు మూడు బంట్లు అనే మొత్తం గుత్తిని. మాస్టర్ తలలో ఇలాంటి గుత్తులు 10 వేల నుంచి లక్ష దాకా ఉండొచ్చని సైమన్ అంచనా. పజిల్స్ పేర్చి పెట్టేది వీటినే.

ఈ గుత్తులు చెస్‌కే పనికొచ్చేవి. పిల్లలకి చెస్ నేర్పితే లెక్కలు బాగా వస్తాయని మన దగ్గర కోచింగ్ బోర్డుల మీద కూడా రాస్తుంటారు. ఇంగ్లండ్‌లో వంద ప్రాథమిక పాఠశాలల్లో పెద్ద ఎత్తున పరీక్షించి 2016లో ఫలితం బయటపెట్టారు, చెస్ పాఠాలు అయిన ఏడాది తర్వాత చూస్తే లెక్కల మార్కుల్లో తేడా కనపడలేదు. చెస్ నేర్పడానికి వేరే మంచి కారణాలు చాలానే ఉన్నాయి.

ఎలా చెయ్యాలి అన్న దగ్గర ఎవరి వాదన వాళ్లది

ఒక వర్గం చేసినవే మళ్లీ మళ్లీ చెయ్యమంటుంది. అమెరికాలో మైకేల్ డి లా మాజా అనే ఆటగాడు ఒకే వెయ్యి పజిల్స్‌ని ఏడు చుట్లు చేశాడు. మొదటి చుట్టుకి 64 రోజులు, తర్వాత 32, 16, 8, 4, 2, చివరిది ఒక్కరోజులో, మొత్తం 127 రోజులు. 400 రోజుల్లో 400 పాయింట్లు పెరిగాయని రాశాడు. స్వీడన్‌లో హాన్స్ టిక్కనెన్ ఇలాంటి సాధనతోనే 2010 వేసవిలో వరసగా గ్రాండ్‌మాస్టర్ నార్మ్‌లు, అంటే ఆ బిరుదుకి కావాల్సిన టోర్నీ ఫలితాలు, కొట్టాడు, దానికి ఉడ్‌పెకర్ పద్ధతి అని పేరొచ్చింది. వాళ్ల వాదనలో బలం ఉంది, గుత్తి తలలో నాటుకోవాలంటే ఒక్కసారి చూస్తే చాలదు. కాకపోతే ఇవి ఇద్దరి కథలు, ఇలాగే చేసి ఏమీ పెరగనివాళ్లు పుస్తకాలు రాయరు కదా. పైగా ఏడోసారి చేసేటప్పుడు గుత్తి గుర్తొస్తోందా, జవాబు గుర్తొస్తోందా అన్నది తేల్చడం కష్టం.

రెండో వర్గం తక్కువ చేసినా కష్టమైనవి చెయ్యి, చెయ్యి కదపకముందే చివరిదాకా లెక్కపెట్టు అంటుంది. రష్యన్ శిక్షకుడు మార్క్ ద్వొరెత్స్కీ పేరు ఈ బాటలో ముందు వినపడుతుంది. ఎదుటివాడి అత్యుత్తమ జవాబుని వెతికే అలవాటు ఇందులోనే వస్తుంది, పైన హెచ్6 బంటుని గమనించేది ఈ అలవాటే. ఇబ్బంది ఏంటంటే కొత్తవాళ్లకి ఇది నీరసం తెప్పిస్తుంది, గుత్తులే లేని తలలో లెక్క ఎక్కడినుంచి మొదలవుతుంది?

మూడోది వేగం. 2018లో చెస్ డాట్ కామ్ పజిల్ రష్ తెచ్చింది, మూడు తప్పులు చేస్తే అవుట్. లీచెస్‌లో పజిల్ స్టార్మ్ ఉంది. సులువైన గుత్తులు చేతికి అలవాటవడానికి ఇవి బాగుంటాయి, అదే సమయంలో చూడకుండా కొట్టేసే చెడు అలవాటూ అంటుకుంటుంది. సరదాగా ఉంటుంది కాబట్టి జనం దీన్నే ఎక్కువ చేస్తారని నా అనుమానం.

నన్నడిగితే ఈ మూడు వర్గాలూ వేరు వేరు స్థాయిల వాళ్ల గురించి మాట్లాడుతూ ఒకరితో ఒకరు పోట్లాడుకుంటున్నారు. 1000 రేటింగ్ వాడికి గుత్తులు లేవు, 2000 వాడికి గుత్తులున్నాయి గానీ లెక్కలో జారుతున్నాడు.

పజిల్‌కీ గేమ్‌కీ మధ్యలో నిలిచేది ఒకటుంది. లీచెస్‌లో గేమ్ అయిపోయాక కంప్యూటర్ విశ్లేషణ అడిగితే, మనం తప్పు చేసిన ప్రతి చోటా ఆపి ఇక్కడ ఇంకా మంచి ఎత్తు వెతుకు అంటుంది. పొజిషన్ మన గేమ్‌లోదే, తప్పు మనదే, దాడితో పాటు కాపాడుకోవాల్సిన సందర్భాలూ వస్తాయి. ఏరి తెచ్చిన పజిల్స్‌లో దొరకని, మన ఓపెనింగ్‌లలోనే మనకి పదే పదే ఎదురయ్యే గుత్తులు ఇందులో కనిపిస్తాయి. కానీ ఇది కూడా సరిగ్గా తప్పు జరిగిన చోటే ఆపి అడుగుతుంది. ఎక్కడ ఆగాలో చెప్పకుండా వదిలేసేది మాత్రం గేమ్ ఒక్కటే.